ప్లాంక్ గారికి శాలువా

మన సన్మాన సభల సంగతి మీకు తెలియంది కాదు. వేదిక మీద పెద్ద కుర్చీ, శాలువా, పూలదండ, అద్దం పలకలో బిగించిన సన్మానపత్రం. ఆ పత్రంలో విశేషణాలకి కరువుండదు. దాని ప్రకారం సన్మానితులు పుట్టుకతోనే గొప్పవారు, ఏం చేసినా తెలిసే చేశారు, ఎక్కడా తడబడలేదు. చదివేవారికి ఆయాసం, వినేవారికి ఆవలింత. డిగ్రీ పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన నేను అలాంటివి కొన్ని రాశాను, ఒకటి రెండు అందుకున్నాను కూడా. ఇప్పుడు రాస్తున్నది మాత్రం వేరే తరహా పత్రం. ఈ సన్మానితులు తడబడ్డారు. రుజువు చెయ్యాలని బయల్దేరినదాన్ని రుజువు చెయ్యలేకపోయారు. జన్మలో ముట్టుకోనన్న పద్ధతినే చివరికి చేతిలోకి తీసుకున్నారు. శాలువా కప్పవలసింది అందుకే.

2025 డిసెంబరు 14కి క్వాంటం సిద్ధాంతానికి 125 ఏళ్ళు నిండాయి. 1900లో ఆ రోజు శుక్రవారం. బెర్లిన్‌లో జర్మన్ భౌతికశాస్త్ర సంఘం సమావేశంలో 42 ఏళ్ళ ప్రొఫెసర్ మాక్స్ ప్లాంక్ లేచి, వేడెక్కిన వస్తువు వెదజల్లే కాంతికి సంబంధించిన ఒక సూత్రాన్ని ఎలా రాబట్టారో వివరించారు. అక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరికీ ఒళ్ళు జలదరించినట్టు దాఖలా లేదు.

2025ని ఐక్యరాజ్యసమితి క్వాంటం విజ్ఞాన సంవత్సరంగా ప్రకటించింది. అయితే ఆ ఉత్సవం 1925లో హైజెన్‌బర్గ్ మొదలుపెట్టిన క్వాంటం యాంత్రికశాస్త్రం నూరేళ్ళ పండుగ. మనవడి పెళ్ళి హడావుడిలో తాతగారి పుట్టినరోజు మరిచిపోయినట్టయింది. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

ప్లాంక్ 1858లో కీల్ నగరంలో పుట్టారు. తాత, ముత్తాత గాటింగెన్‌లో మతశాస్త్ర ఆచార్యులు, తండ్రి న్యాయశాస్త్ర ఆచార్యులు. నియమం, ధర్మం, శాశ్వతం అనే మాటలు అన్నంతో పాటు వడ్డించిన ఇల్లు. మ్యూనిక్ బడిలో హెర్మన్ ముల్లర్ అనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడికి శక్తి నిత్యత్వ నియమాన్ని ఒక కథగా చెప్పారు. తాపీమేస్త్రీ ఒకడు బరువైన ఇటుకను ఇంటి కప్పు మీదికి మోసుకెళ్ళి పెట్టాడు. వాడు పడ్డ శ్రమ ఎక్కడికీ పోలేదు. ఏళ్ళ తరబడి ఆ ఇటుకలోనే దాక్కుని ఉంది. ఎప్పుడో ఒకనాడు ఇటుక జారి కింద పోయేవాడి నెత్తిన పడితే ఆ శ్రమంతా బయటికి వస్తుంది. ముసలితనంలో రాసుకున్న స్వీయచరిత్రలో కూడా ప్లాంక్ ఈ ఇటుకను మరిచిపోలేదు. మనుషులు ఉన్నా లేకపోయినా, చూసినా చూడకపోయినా చెల్లే నియమం ఒకటుందని ఆయన మొదటిసారి విన్నది అప్పుడే. దాన్ని మతగ్రంథం విన్నట్టు విన్నారు.

దీన్నే ఆయన 'నిరపేక్షం' అన్నారు. దేని మీదా ఆధారపడనిది. బయటి ప్రపంచం మన ఇష్టాయిష్టాలకి అతీతంగా ఉంది, దాని నియమాలు మన బుద్ధికి అందుతాయి, ఆ నియమాల్ని వెతకడం కంటే ఉత్తమమైన పని ఇంకోటి లేదు: ఇదీ ఆయన నమ్మకం. ఇందులో కొంత కాంట్ గాలి, కొంత లూథరన్ ఇంటి వాసన. ఇక్కడ అద్వైతంతో లంకె వెయ్యడానికి సిద్ధమవుతున్న మిత్రులకి ఒక నమస్కారం. ఆ నిరపేక్షం వేరు, మన బ్రహ్మం వేరు. ఆయనకి మన దగ్గర అప్పు లేదు, మనం ఆయన ఖాతాలో రాయనక్కర్లేదు.

1874లో మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో చేరబోతే ఫిలిప్ ఫాన్ జోలీ అనే ఆచార్యులు, భౌతికశాస్త్రంలో ఇంక కనిపెట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, వద్దన్నారు. ఇంకో కుర్రాడైతే ఉడుక్కునేవాడు. ఈయన మాత్రం, నేను కొత్తవి కనిపెట్టడానికి రాలేదు, ఉన్న పునాదులు అర్థం చేసుకుంటే చాలన్నట్టు చెప్పి చేరిపోయారు. తరవాతి కథ తెలిసిన మనకి ఇది వింటే నవ్వొస్తుంది. కానీ ఆ మాటలో కపటం లేదు. విప్లవం మీద ఆయనకి ఏ కోరికా లేదు.

శక్తి నిత్యత్వం తరవాత ఆయన మనసు పడ్డది ఉష్ణగతిక శాస్త్రంలో రెండో నియమం మీద. వేడి పాలు చల్లారతాయి గానీ చల్లారిన పాలు వాటంతట అవి కాగవు. లోకంలో ఎంట్రోపీ అనే రాశి పెరుగుతూనే ఉంటుంది, తగ్గదు. 1879లో 21 ఏళ్ళకి దీని మీదే డాక్టరేటు సిద్ధాంత వ్యాసం రాశారు. ఆయనకి పాఠాలు చెప్పిన హెల్మ్‌హోల్ట్జ్ దాన్ని చదవనే లేదు. ఇంకో గురువు కిర్కాఫ్ చదివి ఒప్పుకోలేదు. ఆ నియమానికి ఆద్యుల్లో ఒకరైన క్లాసియస్‌ని కలుద్దామని బాన్ వెళితే ఆయన ఇంట్లో లేరు. గైడు చదవని థీసిస్ ఎలా ఉంటుందో మన పరిశోధక విద్యార్థులకి వేరే చెప్పాలా!

ప్లాంక్ దృష్టిలో రెండో నియమానికి మినహాయింపు లేదు. చల్లారిన పాలు తమంతట తాము కాగడం అసంభవం అంటే అసంభవమే. వియన్నాలో లుడ్విగ్ బోల్ట్స్‌మన్ మాత్రం ఇంకోలా అన్నారు. అణువులు కోట్లకి కోట్లు, అవి కలగాపులగం అయ్యే మార్గాలు లెక్కలేనన్ని, తిరిగి సర్దుకునే మార్గాలు అతి కొద్ది. అందుకని ఎంట్రోపీ పెరిగే అవకాశం అపారం, తగ్గే అవకాశం అత్యల్పం. అత్యల్పమే గానీ సున్నా కాదు. అంటే ప్లాంక్ పూజించే నియమం ఆయన చేతిలో పడి చీట్లాట లెక్క అయింది. పైగా అణువుల మీద ప్లాంక్‌కి అప్పట్లో గురి లేదు. ఎంత సాధించినా చివరికి అణుసిద్ధాంతాన్ని వదిలి అవిచ్ఛిన్న పదార్థమనే భావనకే రావాలని 1882లోనే రాశారు. 1896లో బోల్ట్స్‌మన్ మీద గట్టి ఆక్షేపణ లేవదీసిన జెర్మెలో ప్లాంక్ దగ్గర సహాయకుడే.

మరి ఈ మనిషి కాంతి వైపు ఎందుకు వెళ్ళారు? క్వాంటం చరిత్ర చెప్పే పాఠ్యపుస్తకాలు ఇక్కడ తొందరపడి, ప్రయోగాలు పాత సిద్ధాంతానికి తలవొగ్గలేదు, ప్లాంక్ గారు వచ్చి సరిదిద్దారు అని రెండు వాక్యాల్లో తేల్చేస్తాయి. నేనూ అలాగే చెప్పాను చాలా ఏళ్ళు. అసలు కారణం తెలియాలంటే కుమ్మరి ఆవం దగ్గరికి వెళ్ళాలి.

ఆవం బాగా కాలి నిప్పుకణికలా ఉన్నప్పుడు సందులోంచి లోపలికి చూడండి. కుండ, మూకుడు, ఇటుక, బొగ్గు అన్నీ ఒకే రంగు, ఒకే వెలుగు. ఏది ఏదో విడదీసి చెప్పలేం. చల్లారాక కుండ ఎర్రగా, బొగ్గు నల్లగా ఎవరి రంగు వారికి వస్తుంది. మంటలో ఉన్నంతసేపు ఆ తేడాలు లేవు. అన్ని వైపులా మూసి సమంగా వేడెక్కిన గూటిలోని వెలుగు గోడలు దేనితో చేశారన్నదాని మీద ఆధారపడదని, ఉష్ణోగ్రత మీద, తరంగదైర్ఘ్యం మీద మాత్రమే ఆధారపడుతుందని కిర్కాఫ్ 1859, 1860లలో నిరూపించారు. దీన్నే పుస్తకాలు కృష్ణవస్తు వికిరణం అంటాయి. ఆ వెలుగుని వర్ణించే గణితరూపం ఏమిటో మాత్రం కిర్కాఫ్ చెప్పలేదు. తరవాతివాళ్ళకి వదిలేశారు.

ఆ ఖాళీ చూసి ప్లాంక్ ప్రాణం లేచి వచ్చింది. ఇనుము కాదు, మట్టి కాదు, బంగారం కాదు, దేని గుణమూ అంటని వెలుగు! ఆయన వెతుకుతున్న నిరపేక్షం భూమ్మీద దొరికే చోటు అది. 1889లో బెర్లిన్‌లో కిర్కాఫ్ ఖాళీ చేసిన స్థానానికే ఆయన్ని పిలిచారు. పక్కనే షార్లొటెన్‌బర్గ్‌లో 1887లో వెలిసిన ప్రభుత్వ కొలతల సంస్థలో లుమ్మర్, ప్రింగ్స్‌హైమ్ వంటివాళ్ళు ఈ వెలుగునే కొలుస్తున్నారు. విద్యుద్దీపాల పరిశ్రమకి కాంతి ప్రమాణం ఒకటి కావాలన్నది ఆ సంస్థ అవసరాల్లో ఒకటి. వారిది దీపాల బెంగ, ఈయనది పరతత్త్వం బెంగ. ఇద్దరికీ ఒకే ఆవం పనికొచ్చింది.

ప్లాంక్ ఆశ ఇంకా పెద్దది. గూటి గోడల్లో కంపించే చిన్న చిన్న డోలకాలు ఉన్నాయనుకుందాం, అవి వెలుగుని మింగుతూ వెదజల్లుతూ ఉంటే రెండో నియమం దానంతట అదే పుట్టుకొస్తుంది, బోల్ట్స్‌మన్ సంభావ్యతల ఊసే అక్కర్లేదు అనుకున్నారు. 1897 నుంచి 1899 దాకా ప్రష్యన్ అకాడమీకి వరసగా అయిదు వ్యాసాలు సమర్పించారు. మొదట్లోనే బోల్ట్స్‌మన్ అడ్డుతగిలారు: మాక్స్‌వెల్ సమీకరణాలు కాలాన్ని వెనక్కి తిప్పినా చెల్లుతాయి కదా, వాటిలోంచి వెనక్కి తిరగని నియమం ఎలా పుడుతుంది? ప్లాంక్ ఆ తప్పు ఒప్పుకున్నారు. వికిరణం ఎప్పుడూ 'సహజంగా' చెదిరి ఉంటుందని అదనంగా ఒక ఊహ చేర్చి ముందుకి నడిచారు. ఆ ఊహ బోల్ట్స్‌మన్ ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్ళి నిలబెట్టేదే. ఆయన ఇంకా తలుపు తట్టలేదు.

1899 మే నెలలో జరిగింది నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. అప్పటికి క్వాంటం లేదు, శక్తి ముక్కలు లేవు. ఆవం వెలుగుకి సరిపోతుందని అప్పట్లో అనుకున్న వీన్ సూత్రంలోంచి ఒక స్థిరాంకం మాత్రం బయటపడింది. దాన్ని కాంతి వేగంతో, న్యూటన్ గురుత్వ స్థిరాంకంతో కలిపితే పొడవుకి, కాలానికి, బరువుకి సహజమైన కొలమానాలు వస్తాయని, అవి ఏ రాజు మూరతోనూ ఏ దేశపు వీసెతోనూ పని లేకుండా అన్ని కాలాలకీ, అన్ని నాగరికతలకీ, భూమి మీద లేని, మనుషులే కాని నాగరికతలకీ చెల్లుతాయని ప్లాంక్ ప్రకటించారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటాం. ఇక్కడ సోమలింగం నిజంగానే పుట్టాడు, ఏడాదిన్నర తరవాత. ప్రపంచానికి ప్లాంక్ స్థిరాంకం అర్థం కాకముందే, అర్థం ఆయనకే తెలియకముందే, అది నిరపేక్షం కాబట్టి ఆయన దాన్ని ప్రేమించారు. నమ్మకం శాస్త్రానికి ఎలా దారి చూపిందో చెప్పమంటే నేను ఇదే చూపిస్తాను.

1900 అక్టోబరు 7, ఆదివారం. ప్రయోగ భౌతికవేత్త హైన్రిక్ రూబెన్స్, ఆయన భార్య ప్లాంక్ ఇంటికి వచ్చారు. మాటల్లో రూబెన్స్ తన కొత్త కొలతల సంగతి చెప్పారు. రాతి ఉప్పు పలకల మీద వెలుగుని పదే పదే పరావర్తనం చేయించి 51 మైక్రోమీటర్ల పొడవైన పరారుణ తరంగాల్ని వేరుచేసి చూస్తే, వీన్ సూత్రం అక్కడ పనిచెయ్యడం లేదు, వికిరణం ఉష్ణోగ్రతకి అనుపాతంలో పెరుగుతోంది. అతిథులు వెళ్ళాక ప్లాంక్ కూర్చుని, పొట్టి తరంగాల దగ్గర వీన్ సూత్రాన్నీ పొడవు తరంగాల దగ్గర ఈ కొలతల్నీ కలిపే కొత్త సూత్రం రాసేశారు. అక్టోబరు 19న సంఘంలో చదివారు. రూబెన్స్ తన కొలతలతో పోల్చి చూసి, అతికినట్టు సరిపోయిందని మర్నాడు పొద్దున్నే వచ్చి చెప్పారు.

ఇంకొకరైతే అక్కడ ఆగి మిఠాయి పంచేవారు. ప్లాంక్‌కి నిద్ర పట్టలేదు. సూత్రం సరైనదే, కానీ ఎందుకు సరైనది? అదృష్టవశాత్తూ కుదిరిన లెక్క నియమం కాదు. ఆ తరవాతి ఎనిమిది వారాలు తన జీవితంలోకెల్లా కష్టమైన పని చేశానని ఆయనే చెప్పుకున్నారు. అన్ని తలుపులూ మూసుకుపోయాక మిగిలింది బోల్ట్స్‌మన్ తలుపు. దాన్నే తట్టారు.

బోల్ట్స్‌మన్ 1877లో వాడిన లెక్క ఇలాంటిది. పది రూపాయి బిళ్ళల్ని ముగ్గురికి ఎన్ని రకాలుగా పంచవచ్చు? 66 రకాలుగా. బిళ్ళలు ఎక్కువైనకొద్దీ రకాలు విపరీతంగా పెరుగుతాయి. ఆ సంఖ్యలోనే ఎంట్రోపీ ఉంది. శక్తిని ఇలా బిళ్ళలుగా కొట్టడం బోల్ట్స్‌మన్‌కి లెక్క సౌకర్యం మాత్రమే. చివర్లో బిళ్ళ విలువను సున్నా దాకా అరగదీసేవారు. ప్లాంక్ తన వ్యాసంలో పది డోలకాలకి నూరు బిళ్ళలు పంచిన ఉదాహరణ పట్టిక వేసి చూపించారు. అయితే అరగదీసే దశ దగ్గర ఆయన ఆగవలసి వచ్చింది. అరగదీస్తే రూబెన్స్ కొలతలకి సరిపోయే సూత్రం చెదిరిపోతుంది. బిళ్ళ విలువ డోలకపు పౌనఃపున్యానికి అనుపాతంలో ఉండాలి, ఆ అనుపాతం 1899 నాటి ఆ స్థిరాంకమే కావాలి. విలువ 6.55 × 10⁻²⁷ ఎర్గ్-సెకన్లు అని లెక్క కట్టారు. ఈనాటి విలువకి ఒక శాతం చిల్లర తక్కువ, అంతే. అదే లెక్కలోంచి ఎలక్ట్రాన్ విద్యుదావేశాన్ని కూడా రాబట్టారు. అందులో రెండున్నర శాతం తేడా కూడా లేదు. ఎలక్ట్రాన్‌ని తాకకుండా, ఆవం వెలుగు చూసి!

ఇప్పుడు ఎవరు ఓడారు, ఎవరు గెలిచారు? అణువుల్ని నమ్మని మనిషి అణువుల్ని లెక్కపెట్టే పద్ధతికి లొంగారు. రెండో నియమాన్ని సంభావ్యత మురికి అంటకుండా కాపాడబోయి సంభావ్యతనే ఆశ్రయించారు. వియన్నాలో బోల్ట్స్‌మన్ సమాధి మీద చెక్కిన సూత్రాన్ని ఆ రూపంలో రాసింది ప్లాంక్. బోల్ట్స్‌మన్ పేరు మోసే స్థిరాంకాన్ని మొదట వాడి విలువ కట్టింది కూడా ప్లాంకే. ప్రత్యర్థికి ఇంతకంటే పెద్ద సన్మానం నేనైతే వినలేదు.

1931లో అమెరికన్ భౌతికవేత్త ఉడ్‌కి రాసిన ఉత్తరంలో ఆయన దాన్ని తెగింపుతో చేసిన పనిగా చెప్పుకున్నారు. ఫలితం ఎలాగైనా రాబట్టాలి, అందుకోసం ఉష్ణగతిక శాస్త్రపు రెండు నియమాలు తప్ప అంతకు ముందున్న ఏ నమ్మకాన్నయినా వదులుకోవడానికి సిద్ధమన్నారు. ఈ మాటని జనం నిస్సహాయతగా చదువుతారు. నాకు అందులో ఒక జాబితా కనిపిస్తుంది. ఇల్లు కాలుతుంటే ఏది పట్టుకు పరుగెత్తాలో, ఏది మంటకి వదలాలో ముందే రాసుకున్న మనిషి మాట అది. అణువుల మీద అయిష్టం, అవిచ్ఛిన్నత మీద ప్రీతి మంటకి వదిలారు. నియమాన్ని, స్థిరాంకాన్ని చంకనెత్తుకున్నారు.

ఆయన శక్తి నిజంగా ముక్కలై ఉందని నమ్మారా, లేక లెక్క కోసమే అన్నారా? థామస్ కూన్ 1978లో ఒక పుస్తకం మొత్తం దీనికే కేటాయించి, 1900లో ప్లాంక్‌కి ఆ ఉద్దేశం లేదని వాదించారు. అందరూ ఒప్పుకోలేదు. తరవాత ఏళ్ళ తరబడి ఆ ముక్కల్ని పాత భౌతికశాస్త్రంలోకి అతికించాలని ప్లాంక్ పడ్డ పాట్లు చూస్తే నా మనసు కూన్ వైపే మొగ్గుతుంది. కాంతే ముక్కలు ముక్కలని 1905లో ఐన్‌స్టీన్ అంటే ఈయన ఒప్పుకోలేదు. 1913లో ఐన్‌స్టీన్‌ని అకాడమీకి సిఫారసు చేస్తూ కూడా, ఆ ఒక్క విషయంలో గురి తప్పినా క్షమించాలన్నట్టు రాసిన పత్రం మీద సంతకం పెట్టారు. అదే ఐన్‌స్టీన్ 1905లోనే రాసిన సాపేక్ష సిద్ధాంతాన్ని మాత్రం అందరికంటే ముందు నెత్తిన పెట్టుకున్నవారిలో ప్లాంక్ ఒకరు. పేరులో సాపేక్షం ఉన్నా, చూసేవారు మారినా మారని రాశుల్ని అది చూపిస్తుంది కదా! ఒకే నమ్మకం ఒక తలుపు తెరిచింది, పక్క తలుపు మూసింది. సన్మానపత్రంలో రెండూ ఉండాలి.

సంగీతంలోనూ ఇదే కథ. ఆయన పియానో, ఆర్గన్ బాగా వాయించేవారు. సంగీతమే వృత్తి చేసుకుందామా అని కూడా ఒకప్పుడు ఆలోచించారు. ప్రత్యేకంగా శ్రుతి చేసిన హార్మోనియం మీద ప్రకృతిసిద్ధమైన స్వరాలు వాయించి చూస్తే, చెవికి ఇంపుగా ఉన్నవి మనిషి సర్దుబాటు చేసుకున్న స్వరాలే. నిరపేక్షం అక్కడ ఓడింది, ఆయన ఆ సంగతి దాచకుండా రాశారు.

1908లో లైడెన్ నగరంలో చేసిన ప్రసంగంలో ఆయన తన నమ్మకాన్ని బాహాటంగా చాటారు. ఎర్నెస్ట్ మాక్ పక్షంవారు మన ఇంద్రియానుభవాలే సత్యం, తక్కినవి ఆలోచనకి పనికొచ్చే ఊతకర్రలు అనేవారు. ప్లాంక్ అక్కడ, గ్రహాలు ఎంత నిజమో అణువులూ అంతే నిజం అన్నారు. 1882లో అణువులకి వీడ్కోలు పలికిన మనిషే! మనిషి మారాడనడం తేలిక. బయట ఒక ప్రపంచం ఉందన్న నమ్మకం మారలేదు, ఆ ప్రపంచంలో ఏముందన్న అభిప్రాయం మారింది.

ఆయన 60వ పుట్టినరోజు సభ 1918లో బెర్లిన్‌లో జరిగింది. ఐన్‌స్టీన్ లేచి, విజ్ఞానాలయంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది తెలివి ప్రదర్శనకో లాభానికో వచ్చినవాళ్ళనీ, దేవదూత వచ్చి అలాంటివాళ్ళందర్నీ వెళ్ళగొట్టినా మిగిలే కొద్దిమందిలో ప్లాంక్ ఒకరనీ అన్నారు. సన్మాన ప్రసంగం ఎలా ఉండాలో నేర్చుకోవాలంటే మనవాళ్ళు దాన్ని చదవాలి. ఆ సభ నాటికే ఆయన పెద్ద కొడుకు వెర్డన్ యుద్ధంలో పోయాడు. కవల కూతుళ్ళలో ఒకామె ప్రసవంలో కన్నుమూసింది, రెండో ఆమె సభ జరిగిన మరుసటి ఏడు అలాగే వెళ్ళిపోయింది. 1945లో హిట్లర్ ప్రభుత్వం ఇంకో కొడుకు ఎర్విన్‌ని ఉరి తీసింది. ఇంతకంటే ఇక్కడ రాయలేను.

ఆయన సూత్రానికి పాత భౌతికశాస్త్రపు ఆసరా లేకుండా కొత్త నిరూపణ 1924లో ఢాకా నుంచి వచ్చింది. పంపినవారు సత్యేంద్రనాథ్ బోస్. ఇక్కడ మాత్రం ఖాతాలో రాసుకోవడానికి మనకి నిజంగా హక్కుంది. ఇవాళ అమరావతిలో క్వాంటం వ్యాలీ కడతామంటున్నారు. కట్టనివ్వండి, శుభం. ఆ ఆవరణలో ఒక గోడ మీద 14-12-1900 అనే తేదీ రాయిస్తే ఖర్చేమీ కాదు.

2019 మే 20 దాకా కిలోగ్రాము అంటే పారిస్ దగ్గర సెవ్ర్‌లో గాజు బుడ్ల కింద దాచిన ప్లాటినం ఇరిడియం దిమ్మ. 1889 నుంచి లోకానికి అదే పడికట్టు రాయి. నకళ్ళతో పోలిస్తే అది నూరేళ్ళలో దాదాపు 50 మైక్రోగ్రాముల తేడా చూపింది. ఇప్పుడా దిమ్మకి పదవి లేదు. ప్లాంక్ స్థిరాంకం 6.62607015 × 10⁻³⁴ జౌల్-సెకన్లు అని ఖాయం చేసి, కిలోగ్రాముని దానిలోంచే తీస్తున్నారు. 1899లో ఆయన అన్నది అదే. రైతుబజారులో మీరు కొన్న కిలో చింతపండుకి ఆధారం ఇప్పుడు ఏ రాజ్యపు దిమ్మా కాదు, ఆవంలో వెలుగు.

గాటింగెన్‌లో ఆయన సమాధి రాయి మీద పేరు, అడుగున ఆ స్థిరాంకం విలువ చెక్కి ఉంటాయి. శాలువా అంత దూరం పంపలేం. మీ ఊళ్ళో ఇంకా ఆవం కాల్చే కుమ్మరి ఇల్లు ఒక్కటైనా మిగిలి ఉంటే, ఈసారి కాల్చే రాత్రి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. వేడికి దూరంగా నిలబెట్టి సందులోంచి లోపలికి చూపించి, కుండ ఏదో ఇటుక ఏదో చెప్పమనండి.